ఉట్నూరు దాకా ఒక్క సైకిలు

తొంభైల్లో దోహా నుంచి ఇంటికి మాట్లాడాలంటే, శుక్రవారం టెలిఫోన్ ఆఫీసులో వంతు కోసం కూర్చోవాల్సిందే. ఒకసారి అలా కూర్చుని ఉండగా, ఫోన్ గదిలోంచి నలభై ఏళ్ళ మనిషి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. సైటు బట్టల్లోనే ఉన్నాడు. నా చేతిలోని తెలుగు వారపత్రికలో కొండదారిన సైకిళ్ళ మీద పోతున్నవాళ్ళ ఫొటో ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

“మేం గూడ గిట్లనే పోయినం సారూ,” అన్నాడు. “పెండ్లయిన ఏడాది. ఒక్కటే సైకిలు, ఎనక నా భార్య. నిర్మల్ ఘాట్లు ఎక్కి ఉట్నూరు దాంక పోయినం. గోండు రాజుల కోట చూస్తనని ఆమెది ఒకటే పట్టు. ఆ గోడ మీద కూసోని జొన్నరొట్టె తిన్నం.”

“మళ్ళీ వెళ్ళలేదా?” అని అడిగాను.

“ఈసారి లీవుల రాంగనే పోదమన్న.” ఫొటోలోని సైకిలు మీద వేలు పెట్టాడు. “నిన్న ఆమెను దహనం చేసిండ్రంట. జరమొచ్చిందని గూడ నాకు ఎర్కలే. ఇప్పుడే బామ్మర్ది ఫోన్ల చెప్పిండు.”

నేను పత్రిక మూసేశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఎత్తు వచ్చినకాడల్లా ఆమెను దిగి నడువుమన్న సారూ. కాళ్ళు నొస్తున్నయా అని ఒక్కపారి గూడ అడగలే. నొచ్చినయంటరా?”

ఆవిడను నేను చూడలేదు. ఆ ఘాట్లూ చూడలేదు.

“నొచ్చి ఉండవండీ. కోట చూడాలన్న ఆశతో నడిచారు కదా,” అన్నాను.

ఆయన తల ఊపాడు. లోపల నా పేరు రెండుసార్లు పిలిచారు. ఆయన చెయ్యి వదిలేదాకా నేను లేవలేదు.