టైరుకు పెట్టిన పసుపు

మా చిన్నప్పుడు... ఒక శుక్రవారం పొద్దున్నే, దుబాయ్ అల్ కుసైస్‌లో మా బిల్డింగ్ కింద, నాన్న పాత కారు చుట్టూ ఇంటిల్లిపాదీ చేరిపోయాం. మరీ పాతకాలం కాదు లెండి... కరోనా తగ్గాక వచ్చిన మొదటి చలికాలం.

జబల్ జైస్ కొండ మీదికి వెళ్తున్నాం! నాకూ అక్కకూ రాత్రి నిద్రే లేదు. అమ్మ వంట చేసే ఇంట్లో మేడమ్ ఆ ఒక్కరోజే సెలవిచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న శాలువా అమ్మ ఇక్కడ ఒక్కసారి కూడా కప్పుకోలేదు... "దుబాయ్‌లో చలెక్కడుందే" అని నవ్వేది. ఆ కొండ మీద ఉంటుందని ఎవరో చెప్పారు. అంతే, శాలువా సంచిలోకెక్కింది.

నాన్న టైర్లని కాలితో తన్ని చూశాడు, గాడుల్లో దిర్హమ్ బిళ్ళ పెట్టి చూశాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు. అక్క నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అమ్మ పసుపు తడిపి టైర్లకి రాస్తోంది...

వెనక టైరు దగ్గర ఆగిపోయింది. "ఏవండీ, ఇటు రండి. నేను రాసింది బొట్టు. ఈ గీతలేటి?"

చూస్తే... నల్లటి రబ్బరు మీద సాలెగూడులా సన్నటి పచ్చగీతలు!

"పసుపు ఎక్కువైందే, తుడిచెయ్" అన్నాడు నాన్న. అమ్మ కొంగుతో తుడిచింది. పైన పోయింది, గీతల్లో అలాగే ఉంది.

మాతో బయల్దేరిన పక్కగది గంగన్న వంగి చూశాడు. ఆయనది జగిత్యాల వైపు. "అన్నా, ఇది ఎండకు పలిగింది. గీ మూల టైరు రోజంతా ఎండల్నే ఉంటది గదా. రోడ్డు మీద పేలితే మనం ఖలాస్!"

శుక్రవారం... మధ్యాహ్నం నమాజ్ అయ్యేదాకా టైరు షాపులు తియ్యరు. అప్పుడు బయల్దేరితే చేరేదెప్పుడు, వచ్చేదెప్పుడు? అమ్మ శాలువా సంచి తీసుకుని మెట్ల వైపు చూసింది.

"స్టెప్నీ ఉందిగా నాన్నా!" అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారేమో... అందరూ నా వైపే చూశారు!

డిక్కీలోంచి స్టెప్నీ తీశారు. గాలి లేదు. "ఆగండి" అని అమ్మ ముందు దానికీ పసుపు పూసింది. గీతల్లేవు! మిగతా మూడింటికీ అంచంతా పూసేసింది, వాటికీ గీతల్లేవు. గంగన్న పగలబడి నవ్వాడు. "వదినె, టైర్లకు పెండ్లి జేస్తున్నవా?"

"పెళ్ళే! మీరు కానివ్వండి, ఎండెక్కుతోంది."

ఇక చూడండి... పెట్రోల్ పంపు దాకా స్టెప్నీ దొర్లించింది నేనూ అక్కా! అది అటు పోతే మేమటు, ఇటు పోతే మేమిటు. వెనక నాన్న, గంగన్న "యల్లా యల్లా" అని తొందరపెడుతూ పరుగు. చేతుల నిండా పసుపు, మసి. గాలి కొట్టించి తెచ్చి బిగించాక కారు కదిలింది... నిమ్మకాయలు చిట్లిన చప్పుడికి మేం కేకలు పెట్టాం!

కొండ పైన కారు దిగగానే గాలి చెవులు కోసేసింది. అమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ అరిచింది... "చలేస్తోందిరా! నిజంగా చలేస్తోంది!" అమ్మ అంత సంబరంగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

గంగన్న ఇప్పుడు దూరంగా రువైస్‌లో ఉన్నాడు. పోయిన నెల నాన్న వేరే కారు కొన్నాడు. టైర్లో గాలి తగ్గితే అదే లైటు వెలిగించి చెప్తుంది. అమ్మ మాత్రం పసుపు పట్టుకునే కిందికొచ్చింది, నాలుగు టైర్లకీ పూసింది... "ఐదోదేదిరా?" అంది.

డిక్కీ తీసి చూశాం. స్టెప్నీ లేదు. కొత్త కార్లకి ఇవ్వట్లేదట... గాలి కొట్టే చిన్న మిషను పెట్టారు. అమ్మ దానికే బొట్టు పెట్టింది.

మీరెప్పుడైనా స్టెప్నీ దొర్లించారా? ఎక్కడికి వెళ్ళడానికి... చెప్పండి.