నేపాల్ రాజభక్తుడూ, మా నాన్న సంతకమూ

ఈ ఉదయం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఖాట్మండూ వీధుల్లో రాజు మళ్ళీ రావాలంటూ జనం ఊరేగుతున్నారు. కప్పు పక్కన పెట్టేసి ఆ గుంపులో ఒక ముఖం కోసం వెతికాను. నా పిచ్చి గాని, నా నేపాలీ స్నేహితురాలి తండ్రి పోయి పదేళ్ళయింది. ఉండి ఉంటే మాత్రం ముందు వరసలోనే కనిపించేవారు!

మీకూ గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఎం.ఏ. చదివే పిల్లయినా చీకటి పడకముందే ఇల్లు చేరాల్సిందే. మాది ఢిల్లీ ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టర్. నాన్న ఆఫీసు యూనియన్లో పెద్ద గొంతు, రాజులంటే ఒంటికాలి మీద లేచేవారు. నేపాల్లో ఎన్నికలు జరుగుతున్నా రాజు ఇంకా సింహాసనం మీదే ఉన్న కాలమది. నేనూ, నాతో చదువుతూ దగ్గర్లోనే బేర్ సరాయ్‌లో అద్దెగదిలో ఉండే ఆ నేపాలీ అమ్మాయీ కలిసి, పొరుగు దేశాల్లో రాజకీయ సంప్రదాయవాదం ఒకదానికొకటి ఎలా వేరో రాయడానికి పూనుకున్నాం. లైబ్రరీ పుస్తకాల్లో అంతా ఇంగ్లండు గోలే, అందుకని మనుషుల్నే అడుగుదామని పదిహేను రోజులు ఖాట్మండూలో వాళ్ళింట్లో ఉండి రావాలనుకున్నాం. అబ్బ, నాకు నిద్ర పడితే ఒట్టు! కాలేజీవాళ్ళు తండ్రి సంతకం అడిగారు. పెళ్ళి కావలసిన పిల్ల రాజభక్తుల ఇంట్లో ఉండటమేమిటి, అసలే పాతకాలపు బుర్రలు అంటూ నాన్న కాగితం పక్కన పడేశారు.

గడువు రెండు రోజులుందనగా ఆ అమ్మాయి తండ్రి ఢిల్లీ వచ్చారు, అమ్మ భోజనానికి పిలిచింది. ఆవకాయకి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఆయన నాన్నతో హిందీలో వాదనకి దిగారు. మీ దగ్గర పాతది నిలపాలనేవాళ్ళు మతం గురించో కులం గురించో మాట్లాడతారు, మేమెవరికీ లొంగలేదన్న గర్వానికి మాకు మిగిలిన గుర్తు మాత్రం రాజే అన్నారు. రాజే అసలు రోగమని నాన్న. గబగబా రాసుకోవడంలో నా అన్నం చల్లారిపోయింది. మాటల మధ్యలో తెలిసిందేమంటే, ఆ రాజభక్తుడు వితంతువైన చెల్లెలికి దగ్గరుండి మళ్ళీ పెళ్ళి చేశారట, కూతుర్ని ఒంటరిగా ఢిల్లీ పంపడమూ ఆయనకో విశేషంగా తోచలేదు.

అప్పుడు మజ్జిగ పోస్తున్న అమ్మ, అతిథికి అర్థం కాకుండా నాన్నతో తెలుగులో అంది: "ఆయనకి దేశానికి రాజుంటే చాలు. మీకు ఇంటికి ఉండాలి."

ఏమన్నారని అతిథి అడిగితే, ఆవకాయలో కారం ఎక్కువైందంటోంది అన్నారు నాన్న. చెయ్యి కడుక్కొచ్చి, తడిచేత్తోనే సంతకం పెట్టారు. సిరా కాస్త పాకింది. నేను గాల్లో తేలిపోయాను!

అక్కడ సింహాసనం పోయింది, ఇక్కడ నాన్నా పోయారు. ఇవన్నీ తలుచుకుంటూ ఉండగానే నోయిడా నుంచి మా అమ్మాయి ఫోను, ఆఫీసు పనిమీద నెల్లాళ్ళు కొలంబో వెళ్తోందట. ఒక్కదానివేనా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, అచ్చం నాన్న గొంతుతో. అది మింగేసి, నా సంతకం ఏమైనా కావాలా అని అడిగాను.

"సంతకమా? కిస్‌లియే, మమ్మీ? దేనికి?" అని నవ్వేసింది.

మంచిదే. ఇలాంటి రోజు రావాలనే కదా ఆనాడు అంత ఆరాటపడ్డాం. అయినా నాన్న నాకిచ్చినట్టు నేనూ దానికో సంతకం ఇవ్వాలనుకున్నాను, అడిగేవాళ్ళే లేరు.