గట్టి టైర్లు వేయమన్న మా అమ్మాయి

మొన్న కారుకి చలికాలపు టైర్లు వేయిద్దామని నోవై ఊళ్లో మా ఇంటి దగ్గరి షాపుకి వెళ్తే, తలుపు తీయగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. మీకది తలనొప్పి తెప్పించే వాసనే కావచ్చు గానీ, పాతికేళ్లు టైర్ల రబ్బరు మీదే ఉద్యోగం చేసిన నాకు మాత్రం మా అమ్మాయి గుర్తొస్తుంది.

రెండువేల పది ప్రాంతంలో, మనవాళ్ల పిల్లలంతా మెడిసిన్‌కో లా కాలేజీకో అప్లై చేస్తున్న వయసులో, మా అమ్మాయి తన జీతంతో ఒక పాత రేసు బైకు కొనుక్కుని ఆదివారాలు క్లబ్బు రేసులకు వెళ్లేది. ఒక ఏడాది మలుపులో జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకుంటే, ఇంకొక్కసారి పడితే బండి అమ్మేయాలని వాళ్లమ్మ మాట తీసుకుంది. పక్కనే ఉన్న నేను లోలోపల సంతోషించాను.

మరుసటి ఏడు చివరి రేసు సెప్టెంబరు నెలాఖరున వచ్చింది. పొద్దున వేళ్లు కొంకర్లు పోయే చలి. మెత్తటి రబ్బరు చలిలోనూ రోడ్డును చప్పున పట్టుకుంటుంది, కానీ తొందరగా అరిగిపోతుంది. గట్టిది వేడెక్కేదాకా జారుతుంది, వేడెక్కాక చివరిదాకా నిలుస్తుంది. నేను థర్మామీటరు చూసి, లెక్క వేసి, మెత్తవే వేయమన్నాను. తను మాత్రం ట్రాకంతా నడిచి, మలుపు మలుపునా వంగి అరచెయ్యి ఆనించి చూసి వచ్చింది.

“డాడీ, నువ్వు మార్నింగ్ చలి చూసి చెప్తున్నావ్. రేస్ టూ ఓ క్లాక్‌కి కదా, సన్ వస్తుంది. సాఫ్ట్ వేస్తే లాస్ట్ ల్యాప్స్‌కి అయిపోతుంది.”

“మొదటి ల్యాప్‌లోనే జారితే?”

“స్లోగా వెళ్తా. అందరూ పాస్ చేస్తారు. ఇట్స్ ఓకే.”

నా అనుభవాన్ని పక్కన పెట్టి గట్టివే బిగించాను. మధ్యాహ్నానికి నిజంగానే ఎండ కాసింది. అయినా మొదటి రెండు ల్యాపులు తను అన్నట్టే నెమ్మదిగా పోనిచ్చింది. ఐదో స్థానం నుంచి పదకొండుకి పడిపోయింది. వాళ్లమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. సగం రేసు దాటాక, మెత్తటి టైర్లు అరిగి ముందున్న బళ్లు మలుపుల్లో తడబడటం మొదలైంది, మా అమ్మాయి మాత్రం నా స్టాప్‌వాచ్‌లో ప్రతి ల్యాపూ ఒకే టైముకి తిరుగుతూ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, బండి పొడవు తేడాతో రెండోదయింది. పందెంలో తెగింపంటే దూసుకుపోవడమనే అనుకున్నాను అప్పటిదాకా. ఆరుగురు దాటిపోతున్నా ఊరుకోగలగడం దానికన్నా కష్టమని ఆ రోజు చూశాను.

హెల్మెట్ తీసి, నా చెయ్యి పట్టుకుని వేడి టైరు మీద పెట్టింది.

“మార్నింగ్ రేస్ అయితే నువ్వే రైట్, డాడీ.”

ఇప్పుడు తను శాంటా క్లారాలో ఉంటోంది. పాప పుట్టాక, ఎవరూ అడగకుండానే బైకు అమ్మేసింది. ఈ ఆటలు మానేస్తే చాలని ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో! ఎండాకాలం ఆదివారాల్లో ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. లేచి వెళ్లవలసిన చోటే లేదు.