కార్బన్ కాపీకి వచ్చిన బహుమతి

మొన్న మా మండలాఫీసులో పాత బీరువా సర్దుతుంటే అడుగు అరలో కార్బన్ కాగితాల పెట్టె ఒకటి బయటపడింది. మూత తీయగానే మైనమూ నూనె కలిసిన ఆ పాత వాసన ముక్కులో దూరింది. ఒక కాగితం తీసి పట్టుకున్నాను. ఎన్నేళ్ళుగా అక్కడ పడి ఉందో ఏమో, వేళ్ళకు నీలం అంటించే గుణం మాత్రం వదులుకోలేదు. నవ్వొచ్చింది. చేతులు కడుక్కోబుద్ధి కాలేదు. ఆ నీలం వేళ్ళతోనే సాయంత్రం దాకా ఫైళ్ళు తిప్పాను. హుసేన్ సార్ వేళ్ళు ఎప్పుడూ ఇట్లాగే ఉండేవి.

ఆయనను మీరు చూసి ఉండరు. కళ్యాణదుర్గంలో సైకిల్ షాపు మీది మేడగదిలో టైపు నేర్పేవారు. ఆరు మిషన్లు, అందులో తెలుగుది ఒక్కటే. బక్కపలుచని మనిషి, తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. తొంభైల చివర్లో డిగ్రీ పూర్తయి ఊళ్ళో ఊరికే తిరుగుతున్న నన్ను మా నాయన అక్కడ చేర్పించాడు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే కుటుంబం మాది. వాన మమ్మల్ని ఎంత ఆదుకునేదో ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. టైపు పాసైతే ఏదో ఒక ఆఫీసులో నీడపట్టున కూర్చుంటానని నాయన ఆశ. నాకేమో కవిత్వం పిచ్చి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మెచ్చేవాళ్ళు కాదు.

ఆ మేడగదిలో ఒక వింత ఉండేది. టైపు పరీక్షల నోటీసుల పక్కనే గోడకు కవితల పోటీల ప్రకటనలు అంటించి ఉండేవి. సార్ ప్రతి శనివారం గ్రంథాలయానికి పోయి, వారపత్రికలూ మాసపత్రికలూ తిరగేసి, ఎవరు కవితలు అడుగుతున్నారో, ఎప్పటిలోగా పంపాలో, ఎన్ని పంక్తులు మించకూడదో రాసుకొచ్చి, టైపు చేసి అంటించేవారు. ఉగాది పోటీలు, ఉరవకొండలో ఎవరో పెద్దాయన పేరిట పెట్టిన పోటీ, అనంతపురం సాహిత్య సంఘం పోటీ, అన్నీ ఆ గోడ మీదే. టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు వాటివైపు చూసేవాళ్ళు కాదు. నేను చేరిన మొదటి రోజే కుడివైపు నోటీసులు వదిలేసి ఎడమవైపు నిలబడిపోయాను. ఆయన వెనక నుంచి వచ్చి, రాస్తావా అని అడిగారు. రాస్తానన్నాను. రేపు తీసుకురమ్మన్నారు.

మరుసటి రోజు తీసుకుపోయిన కవితను తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి. సముద్రం మీద రాశాను. కెరటాలు, నురగలు, తీరం, నావ, తెరచాప, ఒకటేమిటి, పుస్తకాల్లో దొరికిందంతా ఊడ్చుకొచ్చి పోశాను. సార్ ఓపిగ్గా చివరిదాకా చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

“సముద్రాన్ని యాడ చూసినావప్పా?”

“చూడలేదు సార్.”

“మీ యమ్మ ఇప్పుడు ఏం చేస్తాంటాది?”

పొద్దున నేను బస్సెక్కే వేళకు అమ్మ ఎక్కడుందో చెప్పాను. కాయ పీకేసిన చేన్లో కూర్చుని, భూమిలో మిగిలిపోయిన వేరుశనక్కాయల కోసం మట్టి తవ్వి వెతుకుతూ ఉంది. దినమంతా వెతికితే చాట అడుగు కూడా నిండదు. అయినా పోతుంది. ఆ మాటలు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సార్ సముద్రాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టి, పో, అది రాసుకొచ్చినాక మాట్లాడుకుందామన్నారు. పొగడ్త కోసం పోయినవాడికి అంతకంటే మర్యాద ఏం దక్కుతుంది! రెండు రోజులు ఆయన మీద కోపంతో రగిలిపోయాను, మూడోరోజు రాయడానికి కూర్చున్నాను. ఆ కవిత తేలడానికి నెల పైనే పట్టింది.

పత్రికకు పంపడమంటే ఏమిటో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాగితానికి ఒకవైపే రాయాలి. ఎడమ పక్క జాగా వదలాలి. పోటీకైతే కవిత ఉన్న కాగితం మీద పేరు కనబడకూడదు, వేరే కాగితం మీద ఉండాలి. తిరిగి రావాలంటే మన చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరు లోపల పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం హామీపత్రం: ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం కాదు, ఇంకెక్కడా ప్రచురణ కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు, ఇట్లు, సంతకం. కవిత ఆయనే టైపు చేసేవారు. హామీపత్రం మాత్రం కవి తన చేత్తోనే రాయాలనేవారు. ప్రతిదానికీ కార్బన్ పెట్టి రెండో కాపీ తీసి ఇచ్చేవారు. పత్రికలవాళ్ళు తిప్పి పంపకపోయినా కవిత పోకుండా ఉండాలని ఆ ఏర్పాటు.

నావి తిప్పి పంపడంలో ఎవరూ లోటు చేయలేదనుకోండి. నా చేతిరాతతో నా పేరున్న కవర్లు వరసగా మా ఊరికి తిరిగొచ్చేవి. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినబడితే నాయన అరుగు మీద నుంచే నవ్వేవాడు. సంతకు తోలిన ఎద్దు అమ్ముడుపోక ఇంటిదారి పట్టినట్లు వస్తాండాయిరా నీ కవితలు అనేవాడు. అమ్మ నవ్వాపుకునేది. నేను కవరు తీసుకుని దొడ్లోకి పోయేవాడిని. నవ్వితే నవ్వనీ, నా పేరు అచ్చులో చూసి నాయన నోరు మూసుకునే రోజొకటి రావాలని మొక్కుకునేవాడిని. కవిత్వం మీద ప్రేమ ఎంతో, నాయన మీద ఆ పంతమూ అంతే.

అమ్మ మీది కవితను సార్ ఒక వారపత్రికకు పంపించారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. కవరు తిరిగి రాలేదు, అంగీకారమూ రాలేదు. ఈలోగా అనంతపురం సంఘం పోటీకి గడువు దగ్గర పడింది. చెత్తబుట్టలో పారేసి ఉంటారులే అనుకున్నాను. పెట్టెలో కార్బన్ కాపీ ఉంది కదా! సార్‌కు చెప్పకుండా దాన్ని కవర్లో పెట్టి, మరెక్కడా పరిశీలనలో లేదని నా చేత్తో హామీపత్రం రాసి, సంతకం గీసి, పోస్టులో వేశాను. అది అబద్ధమని తోచనైనా లేదు. నా దృష్టిలో అది దరఖాస్తు కింద వేసే ముద్రలాంటి వాక్యం, అంతే.

అనంతపురం నుంచి కార్డు వచ్చింది. మొదటి బహుమతి. వచ్చే ఆదివారం సభ, కుటుంబంతో రమ్మన్నారు. ఆ కార్డును నాయన నా చేతిలోంచి లాక్కుని హోటలు దగ్గరికి పోయి నలుగురి చేత చదివించుకున్నాడు. సభకు తానూ వస్తానని ఊరంతా చెప్పాడు. పెళ్ళిళ్ళకు తొడిగే చొక్కా ఉతికించాడు. అంతవరకు ఎద్దుల కబుర్లు చెప్పిన మనిషి నన్ను మర్యాదగా ‘ఏమప్పా’ అని పిలవడం మొదలుపెట్టాడు. రెండు రోజులకు వారపత్రిక కార్డు కూడా వచ్చింది, మీ కవితను ప్రచురణకు స్వీకరించామని. ఇంక నా కాళ్ళు నేల మీద లేవు. రెండు కార్డులూ పట్టుకుని మేడ మెట్లు రెండేసి ఎక్కాను.

సార్ రెండూ చదివారు. పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివారు. ఆయన మొహంలో నేను ఎదురుచూసిన వెలుగు రాలేదు.

“రెండూ ఒకే కవితకా? అనంతపురానికి ఏం పంపినావు?”

“కార్బన్ కాపీ సార్.”

“అది నీకాడ పెట్టుకునేకి ఇచ్చినానప్పా.”

అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు. అందరూ ఇట్లాగే రెండు మూడు చోట్లకు పంపుతారంట సార్ అన్నాను. అందరివీ నేను టైపు చేయలేదు, నీది చేసినా అన్నారు. ఆ సంతకం నీదేనా అని అడిగారు. నాదేనన్నాను. ఇద్దరికీ నిజం చెప్పెయ్యల్ల, పత్రికకు ఇప్పుడే ఉత్తరం రాయి, సంఘానికి పోస్టు అందదు, ఆదివారం పొద్దున్నే పోయి నోటితో చెప్పల్ల, నేనూ వస్తా అన్నారు. సభ అయిపోనీండి సార్, మా నాయన వస్తాండాడు, ఆయన ముందర నా పేరు ఒక్కసారి పిలిస్తే చాలు, సోమవారమే రాసేస్తానని బతిమాలాను. ఏడ్చాను కూడా. ఆయన తిట్టలేదు. తెల్లకాగితం తీసి నా ముందు పెట్టి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు. రాసేదాకా ఇటు తిరగలేదు. ఆరోజు ఆయనంటే ద్వేషం పుట్టిందని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

ఆదివారం ముగ్గురం ఒకే బస్సులో పోయాం. నాయన దారంతా సార్‌తో వాన గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నాయనను హాల్లో కూర్చోబెట్టి మేమిద్దరం వెనక గదిలో సంఘం కార్యదర్శి దగ్గరికి పోయాం. నేను నీళ్ళు నమిలి నమిలి విషయం చెప్పాను. నేను ముగించకముందే సార్ అందుకున్నారు. టైపు చేసింది నేను, రెండో కాపీ ఇచ్చింది నేను, ఎందుకిస్తానో సరిగ్గా చెప్పకపోవడం నా తప్పు అని, నాకంటే ముందు ఆయన తలవంచారు. నలభై ఏళ్ళు ఎందరికో పాఠాలు చెప్పిన మనిషి, నావల్ల.

కార్యదర్శి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే.

“సర్టిఫికెట్ మింద పేరు కూడా రాసేసినాం. పత్రికలో వచ్చేసరికి ఎవురికి గుర్తుంటాది? పోయి కూర్చోప్పా.”

చూశారా, తలుపు తెరిచే ఉంది. నాయన మూడో వరసలో, ఇస్త్రీ చొక్కాలో, కండువా సర్దుకుంటూ తలుపు సందులోంచి కనిపిస్తున్నాడు. నేను సార్ వైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. కాదనమని గానీ సరేననమని గానీ ఆ మొహంలో ఏమీ లేదు. నిర్ణయం నాకే వదిలేశారు.

“వద్దు సార్. రెండో బహుమతి వాళ్ళకు ఇయ్యండి.”

ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేతగాళ్ళ ఇంటి అమ్మాయి పేరు పిలిచారు. ఆమె వేదిక మీద మగ్గం మీది కవిత చదివింది. బాగుంది. నాదానికంటే బాగుందని ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. నీ పేరు ఎప్పుడు పిలుస్తారని నాయన అడిగాడు. పిలవరు నాయనా అని, జరిగిందంతా చెవిలో చెప్పాను. ఆయన వేదిక వైపే చూస్తూ విన్నాడు. ఒక్క మాటా అనలేదు. తిరుగు ప్రయాణంలోనూ అనలేదు. కళ్యాణదుర్గంలో సార్ దిగిపోతే తలూపాడు, అంతే. నాయన నోరు మూసుకోవాలన్న నా మొక్కు ఇట్లా తీరిందనుకున్నాను. ఇంటికొచ్చి ఏమీ తినకుండా పడుకున్నాను. కొన్నాళ్ళకు పత్రిక నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది, కవితను ఉపసంహరించుకున్నట్లు భావిస్తున్నామని. అక్కడా పోయింది, ఇక్కడా పోయింది.

ఆ తర్వాత సార్ ఒక్క పద్ధతి మార్చుకున్నారు. ప్రతి కార్బన్ కాపీ పైన, అసలుది ఎక్కడికి పోయిందో, ఏ రోజున పోయిందో ఎర్ర పెన్నుతో రాసి ఇచ్చేవారు. మళ్ళీ ఆ ఆదివారం మాట ఎత్తలేదు. ఆయన చేతుల మీదుగానే మరి నాలుగు కవితలు పోయి తిరిగొచ్చాయి, ఐదోది అచ్చయింది. నా టైపు పరీక్షా అయింది, ఉద్యోగమూ వచ్చింది. కంప్యూటర్లు వచ్చి మేడగది ఖాళీ అయ్యాక ఆయన కూతురింటికి బళ్ళారి పోయారు. అక్కడే కాలం చేశారు. చివరిచూపు నాకు దక్కలేదు.

ఇప్పుడు కవితలు ఫోన్లోంచే పంపుతున్నాం. హామీ వాక్యం కింద గడిలో టిక్కు పెడితే చాలు. నేను మాత్రం ఆ వాక్యం ఒకసారి పైకి చదువుకుని గానీ పెట్టను. ఇంట్లో పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. నాకు ఉత్తరం రాసే కొత్త కవులకూ ఇదే చెబుతాను. కొందరికి విసుగొస్తుంది, నాకూ అప్పట్లో వచ్చింది కదా.

సార్‌కు నేను పడిన రుణం మాత్రం ఆ పద్ధతికి కాదు. సభ మరుసటి పొద్దున, ఊళ్ళో తల ఎత్తుకోలేక హోటలు వెనక సందులోంచి బస్సుకు పోతున్నాను. ముందుపక్క బెంచీ మీద నాయన గొంతు వినిపించి ఆగిపోయాను. ఎవరో ఎగతాళిగా అడిగారు, ఏమప్పా, నీ కొడుకు ప్రైజు యాడ అని. నాయన టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినబడింది నాకు.

“వాడొక తప్పు చేసినాడు. వాడే పోయి చెప్పొచ్చినాడు. ఇంగొకటి రాస్తాడులే.”

ఆ సందులో నిలబడి ఏడ్చాను. నా పేరు పిలిచి శాలువా కప్పి ఉంటే నాయన సంతోషపడేవాడు, ఊళ్ళో చెప్పుకునేవాడు, కాదనను. కానీ వాడు రాస్తాడు అని నలుగురి ముందు నా తరఫున మాటివ్వడం జరిగేది కాదు. నాయనా లేడు, సారూ లేరు. ఆ మాట నిలబెట్టడానికే ఇంకా రాస్తున్నాను.