నేను చదివి వినిపించిన నోటీసు

నా పేరు అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ బరువును ఇన్నేళ్లు మోసేవాణ్ణి కాదు. నా భార్యకు కూడా తెలియదిది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా వల్ల ఒక మనిషి బతుకుతెరువు పోయింది. నేను పోగొట్టలేదు, ఆపగలిగి ఉండీ ఊరుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉందా? ఉందని నన్ను నేను నమ్మించుకునే చాలాకాలం నిద్రపోయాను.

తొంభైలలో నేను ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. మాది గోదావరి జిల్లా. ఆ ఇంటి పిల్లలతోనూ ముసలమ్మతోనూ వాగీ వాగీ రెండేళ్లలో అరబ్బీ గడగడా వచ్చేసింది. మాట్లాడటం మాత్రమే. చదవడం రాదు. కార్ల నంబరు ప్లేట్ల పుణ్యమా అని అంకెలు వచ్చు, అంతే. అంత బాగా మాట్లాడేవాడికి చదవడం రాకపోవచ్చన్న అనుమానం మనవాళ్లకు రాలేదు. నేనూ రానివ్వలేదు.

శుక్రవారం వస్తే చాలు, వీసా కాగితాలు, ఆసుపత్రి చీటీలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. "ఉంచండి, తీరిగ్గా చూసి చెబుతాను" అనేవాణ్ణి. మర్నాడు అబూ హమూర్‌లో పిల్లల్ని బడి దగ్గర దించి, అక్కడి సూడాన్ వాచ్‌మన్ చేత చదివించుకుని, అదంతా నా తెలివే అన్నట్టు చెప్పేవాణ్ణి. ఊళ్లో పదో తరగతి తప్పినవాణ్ణి నేను. అక్కడ నన్ను చూస్తే జనం జరిగి చోటిచ్చేవారు. అది నాకెంత తీపిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అలా వచ్చేవాళ్లలో నర్సయ్యన్న ఒకడు. కరీంనగర్ వైపు మనిషి. బిల్డింగు పనిలో పరంజా మీంచి పడి ఎడమ కాలు వంకరపోయింది. మళ్లీ పైకెక్కలేడు. ఇంటికి పంపేస్తారనుకున్న సమయంలో అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు, జాలిపడి అల్ వక్రాలో పడవలు ఆగే రేవు దగ్గర ఒక చిన్న చాయ్ కొట్టు అప్పగించాడు. లైసెన్సు కఫీల్ పేరు మీద, చాకిరీ నర్సయ్యన్నది. కూర్చుని చేసుకోగల పని అతనికి ఈ లోకంలో అదొక్కటే. మొదట చాయ్, బిస్కెట్లు. తర్వాత మనవాళ్లు అడిగారని మిరపకాయ బజ్జీలు మొదలెట్టాడు. ఆ లైసెన్సు మీద పొయ్యి పెట్టి వండొచ్చా, వండకూడదా? అతనికి తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

ఒక ఏప్రిల్ నెల శుక్రవారం. కొట్టు ముందు పది మంది దాకా ఉన్నాం. నర్సయ్యన్న చెయ్యి తుడుచుకుని, బలదియా వాళ్లు, అంటే మున్సిపాలిటీ వాళ్లు, ఇచ్చిపోయిన కాగితం నా చేతికిచ్చాడు.

"జర సూడు తమ్మీ. ఏం రాసిన్రో ఏమో, నాకైతే పానం గుంజుతున్నది."

"నా దగ్గరుంచు అన్నయ్యా, రేపు చెబుతాను" అన్నాను.

పక్కనే సుబ్బరాయుడు ఉన్నాడు. కడప మనిషి, ఒక కంపెనీ క్యాంపులో వంట చేసేవాడు, నోరు ఊరుకోదు. "ఎప్పుడు సూసినా రేపే అంటావేందబ్బా! ఇప్పుడే సదువు, మేమూ ఇంటాం. అసలు నీకు సదవడం వచ్చునా?" అన్నాడు. అందరూ నవ్వారు. నర్సయ్యన్న మాత్రం నవ్వలేదు.

కాగితం తీసుకుని, కుడి నుంచి ఎడమకి వేలు నడిపించాను. అన్ని గీతల మధ్య నాకు తెలిసింది ఒక్క ఏడు అంకె.

"ఏం లేదు. ఏడో నెలలోపు లైసెన్సు రెన్యూవల్ చేయించుకోమంటున్నారు. బోలెడు టైముంది" అన్నాను.

"బతికిచ్చినవ్ తమ్మీ" అని నర్సయ్యన్న నాకో చాయ్ ఇచ్చాడు. తాగాను.

ఇంతవరకైతే మూర్ఖత్వం. అంతవరకే అయి ఉంటే మీకు రాసేవాణ్ణి కాదు. అలవాటు ప్రకారం కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. మర్నాడు సూడాన్ ఆయనకు చూపించాను. ఆయన చదివి తలెత్తి, ఈ కొట్టు నీదా అని అడిగాడు. కాదన్నాను. ఈ లైసెన్సు చాయ్ అమ్మడానికే, వండటానికి కాదు, వేరే అనుమతి తెచ్చుకునేదాకా పొయ్యి తీసెయ్యాలి, ఏడు రోజుల్లో తియ్యకపోతే కొట్టు మూసేస్తారు అని విడమరిచి చెప్పాడు.

ఏడు రోజులు. అందులో ఇంకా ఆరు మిగిలే ఉన్నాయి. వక్రా ఎంత దూరమని? కారు నా చేతిలోనే ఉంది. వెళ్లి "అన్నయ్యా, పొయ్యి తీసెయ్యి" అంటే సరిపోయేది. ఆ మాట వెంట ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చేది. నిన్న అలా చదివావేం అని అడిగితే ఏం చెప్పను? సుబ్బరాయుడు ఊరంతా చాటింపు వెయ్యడూ? ఈ బలదియా వాళ్లు రాస్తారే గానీ ఎప్పుడొచ్చారు గనక అని ఒక రోజు గడిపాను. ముసలమ్మ ఆసుపత్రి డ్యూటీ ఉందని ఒక రోజు. నిజంగానే ఉంది, కానీ అది గంట పని. మిగతా రోజులు ఏం సాకు చెప్పుకున్నానో గుర్తు లేదు. నాలుగో రోజో ఐదో రోజో ఆ కాగితం చింపి పారేశాను. అది మాత్రం బాగా గుర్తుంది.

వాళ్లు వచ్చారు. నూనె కాగుతుండగా వచ్చి కొట్టుకు తాళం వేసి సీలు వేశారు. కఫీల్‌కు జరిమానా పడింది. నోటీసు ఇస్తే ఎవడు చదివాడురా అని అతను అరిచాడట. నర్సయ్యన్న నా పేరు చెప్పలేదు. నోటీసు పారేసుకున్నానని తన మీదే వేసుకున్నాడు. వీసా రద్దు చేశారు.

వెళ్లే ముందు రోజు చూడటానికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. నేను నోరు తెరిచేలోపే అతను నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు పరేషాన్ గాకు తమ్మీ. నువ్వు మంచిగనే సదివినవ్. గాళ్లే మాట మార్చిన్రు."

అప్పుడైనా చెప్పొచ్చుగా? అతను జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. వీసా రద్దుతో పాటు ఇచ్చింది.

"గిది గూడ జర సూడు. నన్ను మల్ల రానిస్తరా?"

తీసుకున్నాను. కుడి నుంచి ఎడమకి వేలు నడిపించాను. "రానిస్తారు అన్నయ్యా. ఆర్నెల్లు ఆగమన్నారు, అంతే" అన్నాను. అతని మొహం విప్పారింది. ఆ మొహాన్ని నేను మర్చిపోలేను.

తర్వాత రెండేళ్ల పాటు ఆ వైపు నుంచి ఎవరొచ్చినా ఒకటే కబురు. వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. నర్సయ్య దుబాయ్ పిలుపు కోసం చూస్తున్నాడు, తమ్ముడు చదివి చెప్పాడు తప్పకుండా వస్తుందంటున్నాడు, ఊళ్లో ఏ పనీ ఒప్పుకోవడం లేదు. ఆ తర్వాత కబుర్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నేను ఎవర్నీ అడగలేదు.

ఇది చదివి మీరు నన్ను క్షమిస్తారని కాదు. క్షమించాల్సింది మీరు కాదు, అడిగే హక్కు నాకూ లేదు. ఒక్క మాట, జీవితంలో ఎవరితోనూ అనని మాట, ఇప్పుడు రాస్తే గుండెల మీద బరువు కాస్త కదిలినట్టుంది. నర్సయ్యన్నా, నాకు చదవడం రాదు. నీ రెండో కాగితంలో ఏం రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.