పానం మంచిగ లేదు

నేను బాన్సువాడ ఐస్ ఫ్యాక్టరీలో మేనేజరుగా చేరేనాటికే ఆయన అక్కడ పాత ఆపరేటరు. అందరికీ చాచా. ఆయన ఒకచోట కూర్చోగా నేను చూడలేదు. చేతిలో స్పానర్‌తో కండెన్సర్ నీళ్ల గొట్టాలను కొడుతూ, చెవి ఆనించి వింటూ తిరుగుతూనే ఉండేవాడు. అక్కడి బోరునీళ్లకు గొట్టాల లోపల, పళ్లకు పట్టినట్టు గార పడుతుంది. గార ముదిరితే చప్పుడు మందంగా వస్తుందట. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి.

పెళ్లిళ్ల ఆర్డర్లతో ఊపిరాడని ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా బల్ల ముందుకు వచ్చాడు.

“పానం మంచిగ లేదు సార్. ఇయ్యాల బంద్ పెడదాం.”

నాది కోస్తా. ఆ మాటకు ఒంట్లో బాగోలేదని అర్థమని అప్పటికే నేర్చుకున్నాను.

“ఇంటికెళ్లి పడుకోండి చాచా. రెండు రోజులు రాకండి” అన్నాను ఉదారంగా.

ఆయన గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. చివరికి స్పానర్‌ను బల్ల మీద ఠపీమని పెట్టాడు.

“నా పానం గాదు సార్, కండెన్సర్‌ది! ఇంకింత సేపు నడిపితే ప్రెషర్ పెరిగి అమ్మోనియా గ్యాస్ లీకయితది. అందరం పోతం.”

ఆపించాను. మూత విప్పి చూస్తే, బొటనవేలు పట్టాల్సిన గొట్టాల్లో పెన్సిల్ కూడా దూరలేదు.

పని మానేసిన రోజు చాచా స్పానర్ నా చేతిలో పెట్టి, “పానం పైలం సార్” అన్నాడు. జాగ్రత్తగా చూసుకుంటానన్నాను. ఎవరి పానమో అడగలేదు.

అప్పట్నుంచీ నేనూ కూర్చోలేదు.