కోళ్ళను పిలిచిన సాయంత్రం

పక్కింటివాళ్ళు మనవడికి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసినట్టున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి సన్నగా లోపలికి వచ్చింది. నా కూతురు నిద్రలోనే రెండుసార్లు దగ్గి అటు తిరిగి పడుకుంది. లేచి కిటికీ మూశాను. మూశాక కూడా వాసన గదిలోనే నిలిచింది. కాసేపటికి పుంగనూరులోని ఈ గోడలు పలచబడి, కుప్పం అవతలి పొలాలు కనిపించసాగాయి. అక్కడ అడవి అంచున పిడకల మీద మిరపకాయలు పోసి రాజేస్తారు. ఆ పొగకు ఏనుగులు వెనక్కి తిరుగుతాయని రైతుల ఆశ. పొగ పైకి లేవదు, గట్ల మీద నేలబారుగా పాకుతుంది. దాంట్లోంచి మోకాళ్ళ దాకా కనపడకుండా, తేలుతున్నట్టుగా నడిచి వచ్చే ఒక మనిషి నాకు గుర్తు. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, బిగించి అల్లిన జడ. మా రెడ్డెమ్మ మేడం.

ఆమె అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరు. గుర్రంకొండ దగ్గరి పల్లెలో పుట్టి, ఉద్యోగంలో ఏ అడవి చూపిస్తే ఆ అడవికి పోయి, చివరికి కుప్పం వైపు వచ్చింది. నేను మదనపల్లెలో డిగ్రీ ముగించి, పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆమె పనిచేసే చిన్న ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోన్లు ఎత్తడం, రిపోర్టులు టైపు చేయడం నా పని. చేరిన రోజే ఆమె నన్ను వాకిట్లోకి పిలిచి, కాంపౌండు గోడ పక్కనున్న పొదను చూపించింది. "బాటనీ సదివినావంటనే అమ్మణ్ణీ. అదేంది సెప్పు?" నేను గర్వంగా దాని లాటిన్ పేరు చెప్పాను. ఆమె తల ఊపింది. "బాగుండాది. మేకలోళ్ళు దాన్ని ఏమంటారు?" నాకు తెలియదు. "అది కనుక్కో ముందు. రేపు ఎవురన్నా అడవిలో తప్పిపోయి ఫోన్ చేస్తే, నేను ఫలానా పొద కాడ ఉండానని నీకు లాటిన్‌లో సెప్పరు." నవ్వకుండానే అంది. నేను మాత్రం ఆ వారమంతా మేకలవాళ్ళ వెంట పడ్డాను.

అడవి ఆఫీసంటే చెట్లు, జింకలు అనుకుని చేరాను. వచ్చేవన్నీ మనుషుల కష్టాలే. బండ మీద నిలబడి ఫోటో తీసుకోబోయి జారి కాలు విరిగినవాళ్ళు, తేనెటీగలు కుట్టి ముఖం ఉబ్బినవాళ్ళు, కట్టెలకు పోయి ఎలుగుబంటి చేత చిక్కి బయటపడినవాళ్ళు. దొంగతనంగా చెట్లు నరికేవాళ్ళు, ఉచ్చులు పన్నేవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, కాకపోతే వాళ్ళను అడవి కాపలా కాసే మా వాచర్లు రెక్క పట్టుకుని తెచ్చేవాళ్ళు. ఒక పొద్దున అలాగే ఒకాయనను తెచ్చారు. బైకు క్లచ్ వైర్లతో చేసిన ఉచ్చులు అతని సంచిలో గలగలమంటున్నాయి. మనిషి వణుకుతున్నాడు. మేడం అతనికి కుర్చీ వేసి టీ, బన్ను తెప్పించింది. అతను తిని, మూతి తుడుచుకుని, ధైర్యం తెచ్చుకుని అడిగాడు. "ఈసారికి వదిలేయ్ మేడం. బన్ను గూడా పెట్టినావు గదా."

"బన్ను నీ ఆకలికి పెట్టినానప్పా. కేసు నీ ఉచ్చుకు పెడతాండాను. రెండిట్నీ కలపొద్దు."

ఆ మాట విని వాచర్లు నవ్వారు. అతను కూడా నవ్వాడు. తర్వాత వేలిముద్ర వేశాడు. అతని మీద ఆమెకు కోపం లేదు. జాలిపడి వదల్లేదు కూడా. ఆ రెండూ లేకుండా మనిషితో మాట్లాడవచ్చని నేను అప్పటిదాకా ఎరగను. మా ఇంట్లో భయం వేస్తే అరుస్తాం, ప్రేమ పొంగితే కూడా అరుస్తాం.

ఏనుగులు వచ్చాయని పల్లెల నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చేసింది. ఒంటరిగా పోవద్దు, గుంపుగా ఉండండి, డబ్బాలు కొట్టండి, టపాకాయలు కాల్చండి, పిల్లలను ఇంట్లో పెట్టండి. రోజుకు రెండు మూడుసార్లు చెప్పి చెప్పి, ఆ మాటలు నా నోట్లో వాటంతటవే తిరిగేవి. చింతకాయలు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఒక మగమనిషి ఆయాసపడుతూ మాట్లాడాడు. "మేడం, మా సెల్లెలి కూతురు కనపల్లేదు. వాళ్ళమ్మతో సింతకాయలు ఏరేదానికి పోయినాది. ఆరేండ్ల పాప. పేరు సందన. పొద్దున్నించి ఆ పక్క ఏనుగులుండాయని మీవాళ్ళే సెప్పినారు." ఆలోచించే లోపే నా నోరు తిరిగింది. "ఒంటరిగా పోవద్దండీ. అందరూ కలిసి డబ్బాలు కొడుతూ, టపాకాయలు కాలుస్తూ వెతకండి" అన్నాను. అని, తడబడకుండా చెప్పగలిగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మేడం జీపు తెచ్చింది. "నువ్వూ ఎక్కు అమ్మణ్ణీ, ఫోన్లు సూసుకునేదానికి ఒక మనిషి కావాల" అంది. మేం చేరేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. చీకటి పడటానికి గంట కన్నా ఎక్కువ లేదు. చింతతోపు దాటగానే అడవి మొదలు. ఊరంతా అక్కడే ఉంది. నూనె డబ్బాలు, పళ్ళేలు, డప్పులు, మధ్యమధ్య టపాకాయలు. ఆ మోతకు చెట్ల మీద ఒక్క పిట్ట లేదు. పిల్ల తల్లి గొంతు పోయి, పెదవులు మాత్రం కదుపుతోంది. ఫోన్ చేసిన మేనమామ ఎదురొచ్చాడు.

"ఈ డబ్బాలు కొట్టమని ఎవురు సెప్పినారప్పా?" అని మేడం అడిగింది.

"మీ ఆఫీసులో ఫోన్ ఎత్తే మేడమే సెప్పింది. రెండు గంటల నించి కొడతానే ఉండాము. ఇంగా గట్టిగా కొట్టమంటారా?"

మేడం నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో ఏమీ లేదు. వెంటనే తల్లి వైపు తిరిగింది. "ఊర్లోకి ఏనుగులొచ్చి డబ్బాలు కొట్టినప్పుడు ఇంట్లో పాప ఏం చేస్తాదమ్మా?"

"మంచం కింద దూరతాది మేడం. కదలగూడదు, పలకగూడదు అని నేర్పించినాము. వాళ్ళ నాయన పిలిసినా పలకదు. అంత బుద్ధిగా..." తల్లి మాట అక్కడే ఆగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లకు డబ్బా చప్పుడంటే ఏనుగు వచ్చిందని అర్థం. వెతకడానికి వచ్చిన ఊరు ఊరంతా రెండు గంటలుగా ఆమెకు ఒకే మాట చెబుతోంది. దాక్కో, పలకవద్దు, ఇంకా లోపలికి పో. ఆ మాట పంపింది నేను. ఆమె దొరక్కపోతే అది నా నోటి నుంచి వచ్చిన చావు. నేను చెట్టును పట్టుకుని నిలబడ్డాను.

మేడం చెయ్యెత్తింది. "ఆపండి. యాడుండే వాళ్ళు ఆడనే కూసోండి. బీడీ గూడా ముట్టించొద్దు." ఒక ముసలాయన గొణిగాడు. "కూసుంటే బిడ్డ దొరుకుతాదా? గవర్నమెంటోళ్ళకు కూసునేదే పని." ఆమె అతని వైపు తిరిగి "అవునన్నా, దానికే జీతమిస్తాండారు. నువ్వూ కూసో" అంది. ఆయన కూర్చున్నాడు. ఇద్దరిద్దరు వాచర్లను మాత్రం నాలుగు దిక్కులా చప్పుడు లేకుండా నిలబెట్టింది.

అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. మొదట చెవుల్లో డబ్బాల మోత మిగిలింది. అది కరిగాక ఎండుటాకు జారే చప్పుడు వినిపించింది, దూరంగా ఏదో పిట్ట ఒక్కటి గొంతు సవరించుకుంది. పొగ, దుమ్ము కలిసి చెట్ల మధ్య బంగారు రంగు తెరలా వేలాడుతున్నాయి. అంతమంది ఆ తెరలో ఊపిరి బిగబట్టి, నీళ్ళ అడుగున కూర్చున్నట్టు కూర్చున్నారు. మేడం తల్లిని పిలవమంది. "సందనా..." అని పిలవబోతే గొంతు విరిగి ఏడుపయింది. "ఏడుపు వద్దు తల్లీ. ఏడిస్తే బిడ్డకు ఇంగా బయం. దినామూ ఎట్ల పిలుస్తావో అట్ల పిలువు." మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ విరిగింది. మేడం ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఇంట్లో కబుర్లు అడిగినట్టు అడిగింది. "ఈ పొద్దుకు ఇంటికాడ ఏం చేస్తాంటావు?"

"కోళ్ళను గూట్లోకి పిలుస్తా మేడం."

"అయితే పిలువు కోళ్ళను."

తల్లి ఆమెను వింతగా చూసింది. కళ్ళు తుడుచుకుని, తల కాస్త పైకెత్తి, "బా... బబ్బబ్బా... బా..." అంది. ఆశ్చర్యం, గొంతు విరగలేదు. ఆ పిలుపు ఏడుపుతో సంబంధం లేని చోటు నుంచి వచ్చింది. ప్రతి సాయంత్రం వచ్చినట్టే వచ్చింది. బా... బబ్బబ్బా... బా. అడవి మధ్యలో లేని కోళ్ళను ఒక ఆడమనిషి పిలుస్తూ ఉంటే, ఊరంతా నవ్వకుండా వింది. ఎంతసేపో నేను చెప్పలేను. ఎడమ పక్క బండ కింద కంప కదిలింది. ముళ్ళు గీరిన చేతులు, చింతకాయలు మూటగట్టిన గౌను, దుమ్ముకొట్టుకున్న తల. పిల్ల బయటికి వచ్చి, చుట్టూ చూసి, చిరాగ్గా అడిగింది.

"మా, కోళ్ళు ఈడికి యాల వచ్చినాయి?"

రోజూ గూటి తలుపు వేసేది ఆ పిల్లేనట. కోళ్ళను పిలుస్తున్నారంటే ఏనుగులు పోయినట్టు, తన పని మొదలైనట్టు. తల్లి ఒక్క పరుగున పోయి కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే బిడ్డను చుట్టేసింది. ఇందాకటి ముసలాయన తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తిరిగి వస్తూ ఒక వాచర్ మాకు బండ అవతలి వైపు చూపించాడు. ఆ కంపకు పిలిస్తే వినపడేంత దూరంలో, ఏనుగులు విరిచి తిన్న వెదురు ఇంకా పచ్చిగా, తడిగా ఉంది.

మర్నాడు పొద్దున నేను ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఆఫీసుకు పోయాను. మేడం వినలేదు. బీరువాలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది. అది శాఖ అడిగే రిజిస్టరు కాదు, ఆమె సొంతానికి రాసుకునేది. "నిన్న నువ్వు ఏం సెప్పినావో రాయి. కింద, ఇంకోసారి ఏం సెప్పాల్నో రాయి. రెండే రెండు లైన్లు. సంజాయిషీలు వద్దు." ఖాళీ పేజీ కోసం తిప్పుతూ పాత పేజీలు చూశాను. అన్నీ ఆమె అక్షరాలే, అన్నీ ఆమె పొరపాట్లే. ఒకచోట ఇలా ఉంది: 'దగ్గరే కదా అని వాచర్‌ను ఒక్కణ్ణే పంపించాను. ఇంకోసారి: ఇద్దరు లేకుండా ఎవరూ కదలకూడదు.' ఆ వాచర్ ఏమయ్యాడని అడగబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆఫీసు గేటు దాటాలన్నా ఇద్దరు పోవాలని ఆమె ఎందుకు పట్టుబడుతుందో అప్పుడు అర్థమైంది.

నేను రాశాను. 'పిల్ల తప్పిపోయిందంటే, ఏనుగులు వస్తే చెప్పే మాటే చెప్పాను. ఇంకోసారి: ముందు పిల్లకు ఏం నేర్పారో అడగాలి.' ఆమె చదివి, పుస్తకం మూసి బీరువాలో పెట్టింది.

"ఇంగ ఇది రాత్రిపూట మోసుకోని తిరగొద్దు. పుస్తకం మోస్తాదిలే. నువ్వు పోయి అన్నం తిను."

"మీరు నన్ను తిట్టలేదు మేడం."

"తిడితే నువ్వు నా తిట్లు గుర్తుపెట్టుకుంటావు. పాపను మర్సిపోతావు" అని, టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది.

తర్వాత నాకు పెళ్ళయింది, ఆమెకు ఎక్కడో దూరానికి బదిలీ అయింది. మాకు పాప పుట్టినప్పుడు ఆమెకు ఫోన్ చేసి, పాప ఊపిరి పీలుస్తోందా లేదా అని రాత్రంతా కూర్చుని చూస్తున్నానని, భయంతో చచ్చిపోతున్నానని చెప్పాను. అవతల గాలి చప్పుడు వినిపించింది, అడవిలో ఉన్నట్టుంది. "మీ ఆయనను గూడా లేపు. ఇద్దురూ సూడండి" అంది. అంతే. ఆ రాత్రి ఆయనను లేపాను. విసుక్కుంటాడనుకున్నాను. ఆయన లేచి పాప పొట్ట మీద చెయ్యి ఆనించి కూర్చుని, నన్ను పడుకోమన్నాడు.

నేనూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. పాప నిద్రపోయాక రెండు లైన్లు రాస్తాను. కొన్ని రోజులు ఏమీ ఉండదు. కొన్ని రోజులు పేజీ చాలదనిపిస్తుంది, అయినా రెండు లైన్లే రాస్తాను. ఈ రాత్రివి ఇవి: 'పాప వాకిలి మెట్టు దిగుతుంటే కేక వేశాను. పాప పడింది మెట్టు వల్ల కాదు, నా కేకకు బెదిరి. ఇంకోసారి: అరవకుండా నడిచి పోయి పక్కన కూర్చోవాలి.'

రాసేశాను. వంటింట్లో అన్నం మూతపెట్టి ఉంది. తినాలి.